2,248 దగ్గరే ఆగిపోయిన చర్చ

విద్యార్థుల బలవన్మరణాల మీద సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులోంచి వచ్చింది. దాన్ని దేశంలో అందరికంటే శ్రద్ధగా చదవాల్సింది మనమే. చదవలేదు. అందులోని పదిహేను మార్గదర్శకాల్లో మన చర్చంతా ఒక్క దాని చుట్టూనే తిరుగుతోంది: వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో ఒక కౌన్సెలర్ ఉండాలన్నది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయవద్దని, నలుగురి ముందు అవమానించవద్దని, వాళ్ల శక్తికి మించిన లక్ష్యాలు పెట్టవద్దని అదే తీర్పు చెప్పింది. ఆ మాట ఎత్తేవారే లేరు. కౌన్సెలర్‌ను పెట్టడానికి ఒక జీతం చాలు. మార్కులను బట్టి సెక్షన్లుగా విడదీసే పద్ధతి మానాలంటే ఇంటర్ వ్యాపారాన్నే మార్చుకోవాలి. అందుకే ఈ మౌనం.

తీర్పు ఉటంకించిన జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ఒకటుంది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. పరీక్ష తప్పడం కారణంగా నమోదైన మరణాలు 2,248. ఆ 2,248 మందీ విద్యార్థులే అనుకున్నా, ప్రతి ఆరుగురిలో దాదాపు ఐదుగురు ఆ ఖానాలోకి రారు. మనం మాత్రం ఫలితాల రోజు ఉలిక్కిపడతాం, ధైర్యం చెప్పే ప్రకటనలు ఇస్తాం, వారం తర్వాత మర్చిపోతాం. మిగతా పదివేల పైచిలుకు పిల్లల కష్టాలకు ఫలితాల తేదీ లేదు. ఇంట్లో గొడవ కావచ్చు, జబ్బు కావచ్చు, ఎవరికీ చెప్పుకోలేని భయం కావచ్చు. అలాంటి దుఃఖం మార్కుల జాబితాలో కనపడదు. నిన్న గలగలా మాట్లాడిన పిల్ల ఇవాళ తల ఎత్తడం లేదని గమనించగలిగేది రోజూ ఆమె ముఖం చూసే మనిషే. ఇంటికి దూరంగా హాస్టల్లో ఉన్న పదహారేళ్ల పిల్లకు ఆ మనిషి లెక్చరర్.

ఆ లెక్చరర్‌కు పిల్ల మనసు విప్పే అవకాశాన్ని మన కార్పొరేట్ కాలేజీలు పద్ధతి ప్రకారం చంపేశాయి. వారాంతంలో పరీక్ష పెడతారు, ర్యాంకు వేస్తారు, ర్యాంకును బట్టి సెక్షన్ మారుస్తారు. సెక్షన్ మారితే లెక్చరర్లు మారతారు, పక్కన కూర్చునే స్నేహితులూ మారతారు. అక్కడ ‘అర్థం కాలేదు సార్’ అనడమంటే కింది సెక్షన్‌కు తనంతట తాను దరఖాస్తు పెట్టుకోవడమే. లెక్చరర్ పరిస్థితీ వేరు కాదు. సెక్షన్ సగటు పడిపోతే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆయనే. పిల్ల కష్టం వినడానికి ఆయన షెడ్యూల్లో పావుగంట కూడా ఉండదు. చదువు లెక్చరర్‌ది, క్రమశిక్షణ ఫ్లోర్ ఇన్‌చార్జిది, ఇంటికి ఫోన్ చేయించడం వార్డెన్‌ది, ఫీజు పరిపాలనాధికారిది. ఇప్పుడు బాధను కూడా విడగొట్టి కౌన్సెలర్‌కు అప్పజెబుతున్నాం. పిల్లను మొత్తంగా తెలిసిన పెద్దమనిషి ఆ ఆవరణలో ఒక్కరూ ఉండరు.

2019 నాటి తెలంగాణ ఇంటర్ ఫలితాలను గుర్తుచేసుకోవాలి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేశారు, తర్వాత అది 99గా తేలింది. రెండేళ్లు ఆమె వాక్యం చదివిన ఉపాధ్యాయుడికి ఆ సున్నా అబద్ధమని చెప్పడానికి ఏ కమిటీ అక్కర్లేదు. ఫలితాలు వచ్చిన రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. వాళ్లలో ఎంతమందికి ‘నీ సంగతి నాకు తెలుసు, ఈ కాగితం మాట వినకు’ అనగలిగిన మాస్టారు ఒకరున్నారు? ఆ ప్రశ్న అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

లెక్చరర్‌కు మానసిక వైద్యం రాదు కదా అంటారు. నిజమే, చేయమనడం లేదు. కౌన్సెలర్లు ఉండాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ 14416 నంబరు ప్రతి గోడ మీదా కనపడాలి. కానీ ఆ తలుపుదాకా పిల్లను నడిపించేదెవరు? ఏడాదికి కనీసం రెండుసార్లు బోధన, బోధనేతర సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని తీర్పు చెప్పింది ఇందుకే. లెక్చరర్‌తో చనువు దుర్వినియోగమవుతుందన్న భయం ఇంకా బరువైనది. కానీ వేధించేవాడికి కావాల్సింది పిల్ల ఒంటరితనం. చెప్పుకోవడానికి నమ్మకమైన పెద్దలు మరో ఇద్దరుంటే వాడి ఆటలు సాగవు. ఇక తల్లిదండ్రులే ర్యాంకులు అడుగుతున్నారన్న వాదన: అడిగేలా పేపర్ల నిండా ర్యాంకర్ల ఫొటోలు వేసింది ఎవరు?

విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. అయితే ఆ చట్టం పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది. ఇంటర్ పిల్లలకు ఆ రక్షణ లేదు. వాళ్లకు దక్కింది సుప్రీంకోర్టు మాటే. ఆ మాటలోనూ బ్యాచ్‌ల దగ్గర ‘వీలైనంత వరకు’ అన్న సడలింపు ఉంది. వీలు కాదని యాజమాన్యాలు అనేలోపే దాన్ని ఖచ్చితమైన నిబంధనగా మార్చాల్సింది రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు. చేరిన సెక్షన్ రెండేళ్లూ మారకూడదు. ముప్పైమందికి ఒక లెక్చరర్‌ను బాధ్యుడిగా పెట్టాలి, ఆ పనికి టైంటేబుల్లో వేళ ఇవ్వాలి, జీతాన్ని సెక్షన్ సగటుతో ముడిపెట్టకూడదు. ఇవి లేని కాలేజీకి అనుబంధ గుర్తింపు ఇవ్వకూడదు. 13,044 అన్న అంకె మీద కన్నీరు పెట్టుకున్న ప్రభుత్వాలకు ఇది చేతకాని పనేం కాదు, చేయదలచుకోని పని. రేపు తనిఖీకి వెళ్లే అధికారి కౌన్సెలర్ నియామక పత్రం చూసి సంతకం పెట్టి వస్తానంటే కుదరదు. ఈ ఏడాది ఎంతమంది పిల్లలను ఏ సెక్షన్ నుంచి ఏ సెక్షన్‌లోకి నెట్టారో, ఎవరి సంతకంతో నెట్టారో, ఆ రిజిస్టరు అడగాలి.