తొమ్మిది మందైతే ప్రాణాలు కావా?

నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చిన 2025 నవంబరు 21న కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయ ప్రకటించిన హామీల్లో ఒకదాన్ని చదివి ఊరుకోవడానికి వీల్లేదు. ప్రమాదకర రంగాల్లో పనిచేసేవారికి నూటికి నూరు శాతం ఆరోగ్య భద్రత లభిస్తుందని ఆయన అన్నారు. కనీస వేతనం, నియామక పత్రం, గ్రాట్యుటీ మీద ఎవరి వాదన వారికి ఉండొచ్చు. ఈ ఒక్క హామీని మాత్రం ఇల్లు కడుతున్న ఏ సైటు దగ్గరైనా నిలబడి సరిచూసుకోవచ్చు. సరిచూస్తే అది నిజం కాదని తేలిపోతుంది.

ఆ నాలుగింటిలో ఒకటైన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో మంచి ఉంది. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం 500 మంది ఉన్న సైటుకే సేఫ్టీ ఆఫీసరును తప్పనిసరి చేసింది, ఇప్పుడది 250కి దిగింది. భద్రతా నియమాలు మీరితే అప్పట్లో మహా అయితే మూడు నెలల జైలు, 2,000 రూపాయల జరిమానా. ఇప్పుడు యజమాని తప్పు వల్ల ప్రాణం పోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడతాయి.

కానీ ఈ కోడ్ ఎవరికి వర్తిస్తుంది? పది మంది కంటే తక్కువ కార్మికులున్న నిర్మాణ పనిని నిర్వచనంలోనే పక్కన పెట్టేశారు. పాత చట్టంలోనూ ఈ పది గీత ఉందన్న మాట నిజమే. దాదాపు ముప్పై ఏళ్లు ఆ గీత అవతల కూలీలు చస్తూ ఉంటే చూసిన తర్వాత కూడా దాన్ని చెరపలేదు. చెరపకుండానే నూటికి నూరు అని ప్రకటించారు.

మన పట్టణాల్లో మూడంతస్తుల ఇల్లు ఎలా లేస్తుందో తెలియనివారు లేరు. తవ్వకం ఒకరిది, రాడ్ బెండింగ్ ఒక ముఠాది. సెంట్రింగ్ మరొకరికి గుత్త. గోడలు, ప్లాస్టరింగ్ తాపీ మేస్త్రీవి. టైల్స్, రంగులు, కరెంటు పని ఎవరికి వారివే. ఒక్కో జట్టులో నలుగురో ఆరుగురో ఉంటారు. అందరినీ కలిపితే పది దాటుతారు, కానీ అందరి పేర్లూ రాసి ఉన్న రిజిస్టరు ఎవరి దగ్గరా కనిపించదు. యజమాని మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ ఇంకో మేస్త్రీని చూపిస్తాడు. పొద్దున అడ్డా మీద మాట్లాడుకుని తెచ్చిన కూలీ పేరు సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. మూడో అంతస్తు పరంజా మీది నుంచి అతను జారిపడినప్పుడు కింద ఎంతమంది పనిచేస్తున్నారో లెక్కపెట్టి, తొమ్మిది మందే ఉన్నారు కనుక ఇది మా పరిధి కాదని చట్టం చెప్పబోతోంది. ఇంతకంటే అమానుషమైన లెక్క ఉంటుందా?

కోడ్ రాసినవారికి ఈ సంగతి తెలియదనుకోవడానికి లేదు. ప్రాణాంతకమైన పనులు జరిగే చోట ఒక్క కార్మికుడున్నా కోడ్ వర్తింపజేసే అధికారాన్ని అందులోనే కేంద్రానికి దఖలుపరిచారు. ఎత్తు మీద పనికి, లోతు తవ్వకానికి దాన్ని వర్తింపజేస్తూ ఒక్క నోటిఫికేషన్ ఇస్తే మంత్రి మాటకు కొంతైనా విలువ ఉండేది. హామీ ఇచ్చిన రోజున ఆ నోటిఫికేషన్ రాలేదు. కోడ్ కింద రావలసిన నిబంధనలే ఆనాటికి ఖరారు కాలేదు. అవి ఖరారయ్యేదాకా పాతవే కొనసాగుతాయన్నారు. కొత్త భద్రత వచ్చేసిందని చెప్పిన రోజున సైటులో అమల్లో ఉన్నవి పాత నిబంధనలేనన్న మాట.

ఆరోగ్య భద్రతకు రుజువుగా చూపుతున్నది 40 ఏళ్లు దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష. పద్దెనిమిదో ఏట గ్రానైట్, టైల్స్ కోయడం మొదలుపెట్టిన కుర్రాడు ఆ వయసుకు వచ్చేసరికి ఇరవై రెండేళ్లు సిలికా ధూళి పీల్చి ఉంటాడు. సిలికోసిస్ ఒకసారి ఊపిరితిత్తుల్లో పాతుకుపోతే నయం చేసే మందు లేదు. అతనికి కావలసింది కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడే ఏర్పాటు, ముక్కుకు సరైన మాస్కు. అవి పద్దెనిమిదో ఏటే కావాలి. పైగా ఆ పరీక్ష చేయించాల్సింది యజమాని. రెండు నెలలకో సైటు మారే కూలీకి ఏడాది పొడవునా యజమాని ఎవరు? పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చి, పని అయిపోగానే మరో ఊరికి తరలిపోయే మనిషి వైద్య పరీక్ష ఖర్చు ఏ మేస్త్రీ భరిస్తాడు? ఈ ప్రశ్నలకు మంత్రి ప్రకటనలో జవాబు లేదు.

ఇక చూసే కన్ను. తనిఖీ అధికారికి సలహాదారు పనిని కూడా అప్పగించి, ఏ సైటుకు వెళ్లాలో కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఎంపిక చేసే పద్ధతి తెచ్చారు. నమోదే కాని సైటు ఆ ఎంపికలోకి ఎలా వస్తుంది? పగలైనా రాత్రయినా ముందుగా చెప్పకుండా పని స్థలంలోకి వెళ్లే అధికారం తనిఖీ అధికారికి ఉండాలన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒడంబడికను మన దేశం 1949లోనే ఆమోదించింది. నిర్మాణ రంగ భద్రత కోసమే 1988లో వచ్చిన 167వ ఒడంబడికను మాత్రం నేటికీ ఆమోదించలేదు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం సామాజిక న్యాయమన్నది కూడా మంత్రి హామీల్లో ఒకటి కావడం గమనించాలి.

ఫ్యాక్టరీల్లో ఎంతమంది చనిపోయారో ఏటా జాతీయ స్థాయిలో లెక్క వేస్తారు. నిర్మాణ స్థలాలకు అలాంటి లెక్క లేదు. నూటికి నూరు అనాలంటే ముందు ఆ నూరు ఎంతో తెలియాలి కదా! సైట్లు ఎక్కడున్నాయో తెలియదన్న సాకు కూడా చెల్లదు. భవన అనుమతి ఇచ్చేటప్పుడే స్థానిక సంస్థలు ఒక శాతం కార్మిక సెస్సు కట్టించుకుంటున్నాయి. డబ్బు వసూలుకు దొరికిన చిరునామా ప్రాణం కాపాడటానికి దొరకదా? సొంతింటి నిర్మాణానికి ఆ సెస్సు నుంచి మినహాయింపును సామాజిక భద్రతా కోడ్ 10 లక్షల నుంచి 50 లక్షల రూపాయలకు పెంచేసింది. చిన్న సైట్లు ఆ కాస్త లెక్కలోంచి కూడా జారిపోతాయి.

బెల్టు ఇచ్చినా కూలీలు పెట్టుకోరని బిల్డర్లు అంటారు. కొందరు పెట్టుకోని మాట వాస్తవం. కొక్కెం తగిలించడానికి గట్టి తాడు, ఊతం ఎక్కడా కట్టకుండా నడుముకు బెల్టు చుట్టించడం వల్ల ఏ ప్రాణమూ దక్కదు. స్లాబు అంచుకు అడ్డు కట్టడం, లిఫ్టు గుంతకు మూత వేయడం, సెల్లార్ తవ్వేటప్పుడు మట్టి పెళ్లలు విరిగిపడకుండా గోడకు దన్ను పెట్టడం, కాంక్రీటు గట్టిపడకముందే సెంట్రింగ్ విప్పకుండా ఆపడం కూలీ చేతిలో లేనివి. ఇవి ఖర్చు పెట్టేవాడి బాధ్యతలు. పెద్ద ప్రాజెక్టుల్లోనూ పరిస్థితి నమ్మదగ్గదిగా లేదు. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో ఎనిమిది మంది చిక్కుకుపోతే, రెండు నెలల గాలింపు ముగిసేనాటికి ఇద్దరి మృతదేహాలే వెలికివచ్చాయి.

ఎత్తు మీద పని, లోతు తవ్వకం, కూల్చివేత, సొరంగం పనుల్లో ఒక్క కార్మికుడున్నా కోడ్ వర్తించేలా కేంద్రం వెంటనే నోటిఫై చేయాలి. భవన అనుమతుల వివరాలు అందిన రోజునే కార్మిక శాఖ ఆ సైటును తనిఖీ జాబితాలో చేర్చేలా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఉత్తర్వులివ్వాలి. నిర్మాణ స్థలాల్లో మరణాల లెక్కను ఏటా బయటపెట్టాలి. ఇవేవీ చేయకపోతే మాండవీయ తన నూటికి నూరు శాతం హామీని బహిరంగంగా ఉపసంహరించుకోవాలి.