పార్టులన్నీ సెట్ అయితయా?

మిర్యాలగూడ నుంచి మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో పార్టుల లిస్టు పంపాడు. "అన్నా, ఇవన్నీ ఒకదానికొకటి సెట్ అయితయా?" గేములకి విండోస్, కాలేజీ ప్రాజెక్టులకి ఉబుంటు, రెండూ ఒకే డెస్క్‌టాప్‌లో కావాలట. కొనేది సికింద్రాబాద్ సీటీసీలో. ఒక్కటి కుదరకపోయినా మళ్లీ రైలెక్కాలి.

రైజెన్ 5 5600 రాశాడు, పక్కనే డీడీఆర్5 ర్యామ్. కుదరదు. ఆ ప్రాసెసర్ ఏఎం4 సాకెట్‌ది, డీడీఆర్4 మాత్రమే తీసుకుంటుంది. డీడీఆర్5 ఆ స్లాటులో దిగనే దిగదు, గాడి వేరే చోట ఉంటుంది. బోర్డేమో బీ450. అది వచ్చింది 2018లో, 5000 సిరీస్ 2020లో. పాత స్టాక్ అయితే బయాస్ అప్‌డేట్ చేస్తేగానీ స్క్రీన్ వెలగదు. బిల్లు కట్టకముందే చేసిమ్మని అడగాలి. అన్నట్టు 5600లో గ్రాఫిక్స్ లేదు. కార్డు తర్వాత కొంటానంటే 5600జీ తీసుకోవాల్సిందే.

లైనక్స్‌తో అసలు పేచీ వైఫై దగ్గర. కొన్ని చవక డాంగిల్స్‌కి ఉబుంటులో డ్రైవర్ మనమే ఎక్కించుకోవాలి. దానికి నెట్ కావాలి. నెట్ కోసమే కదా డాంగిల్ కొన్నది! ఇంటెల్ ఏఎక్స్210 ఉన్న పీసీఐఈ కార్డు రాసిచ్చా, దాని డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది.

1 టీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటి కాకుండా 500 జీబీవి రెండు కొనమన్నా. ఖర్చు కాస్త ఎక్కువే. కానీ ఉబుంటు ఎక్కించేటప్పుడు విండోస్ డ్రైవ్ విప్పి పక్కన పెడితే అందులోది చెరిగిపోతుందన్న భయం ఉండదు.

రెండూ ఎక్కాక విండోస్‌లో టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తే బోర్డు సెల్ మార్చకండి. లైనక్స్ బోర్డు గడియారాన్ని యూటీసీలో ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. ఉబుంటులో ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది.