క్యాపిటల్ అక్షరం లేని లిపికి గో భాషలో చోటేది?

గూగుల్ 2009లో విడుదల చేసిన గో ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిత్రమైన నియమం ఉంది. ఫంక్షన్ పేరు క్యాపిటల్ అక్షరంతో మొదలైతే ఇతర ప్యాకేజీల వాళ్లూ దాన్ని వాడుకోవచ్చు. లేకపోతే అది సొంత ప్యాకేజీ గడప దాటదు. దీనివల్ల కోడ్ చదివేవాళ్లకు మేలే: పేరు చూడగానే అది అందరిదో లోపలిదో తెలిసిపోతుంది.

ఆ మేలు తెలుగుకు అందదు. తెలుగులో, దేవనాగరిలో, అరబిక్‌లో, చైనీస్‌లో క్యాపిటల్, స్మాల్ అన్న తేడాయే లేదు. 'ధర' అని పేరు పెడితే గో కంపైలర్ ఒప్పుకుంటుంది కానీ, దాన్ని బయటి ప్యాకేజీకి పంపాలంటే ముందు ఏ రోమన్ క్యాపిటల్ అక్షరమో తగిలించాలి. 'పేరు' అని రాస్తే ఆ మాత్రం కూడా కుదరదు. గో లెక్కలో పేరులో ఉండదగినవి అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. యూనికోడ్ మన గుణింతపు గుర్తులను, సున్నాను, పొల్లును వేరే వర్గంలో ఉంచింది కాబట్టి ఏత్వం దగ్గరే కంపైలర్ తప్పు పడుతుంది. గుణింతం లేకుండా తెలుగు రాసేదెలా?

ఈ భాషను రూపొందించిన ముగ్గురిలో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ఉన్నారు. ఇవాళ వెబ్‌లో తెలుగును మోస్తున్న యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌ను 1992లో తయారుచేసింది వాళ్లే. ప్రపంచ లిపులన్నిటికీ దారి వేసినవాళ్ల భాషలోనే ఈ అడ్డు ఉండటం బాధ కలిగిస్తుంది. క్యాపిటల్ లేని లిపుల విషయంలో ప్రస్తుత ఏర్పాటు సంతృప్తికరంగా లేదని గో బృందం తన ప్రశ్నోత్తరాల్లో ఒప్పుకుంది కూడా.

క్యాపిటల్, స్మాల్ తేడాతో వచ్చే చిక్కు పీహెచ్‌పీ భాషకూ ఎదురైంది. అది క్లాస్ పేర్లలో క్యాపిటల్, స్మాల్ తేడా పట్టించుకోదు. కానీ టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ వేర్వేరు అక్షరాలు. సర్వర్‌ను టర్కిష్‌కు అమర్చితే క్యాపిటల్ ఐ ఉన్న క్లాసులు కొన్ని దొరక్కుండా పోయేవి. 2013లో వచ్చిన 5.5 వెర్షన్‌లో పేర్లను పోల్చే పనిని సర్వర్ భాష నుంచి విడదీశాకే ఆ బెడద తీరింది.

తెలుగువాళ్లెవరు తెలుగులో కోడ్ రాస్తారని కొందరు అడుగుతారు. ఇంగ్లిష్ పేర్లే వాడేవాళ్లు ఎక్కువన్నది నిజమే. అయితే భూమి రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో పహాణీ, అడంగల్ లాంటి మాటలకు ఇంగ్లిష్‌లో సరైన సాటి లేదు. 'పహాణీ'ని రోమన్‌లో ఒకరు ఒక 'ఎ'తో రాస్తే మరొకరు రెండింటితో రాస్తారు. కంపైలర్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. తెలుగు లిపిలో రాస్తే ఆ గందరగోళం ఉండదు. తెలుగు మీడియంలో చదివే పిల్లలకు తొలి ప్రోగ్రామ్ సొంత మాటల్లో రాసుకునే వీలుండాలి కూడా.

వీలు కల్పించిన భాషలున్నాయి. పైథాన్ 2008లో వచ్చిన 3.0 నుంచీ, రస్ట్ 2021 నాటి 1.53 నుంచీ తెలుగు పేర్లను అంగీకరిస్తున్నాయి. ఫంక్షన్‌ను అందరికీ తెరవడానికి రస్ట్‌లో 'పబ్' అనే కీవర్డ్ ఉంది. అక్షరాల శైలి తప్పితే రస్ట్ కంపైలర్ హెచ్చరిస్తుందే తప్ప పని ఆపదు. శైలిని సలహాగా, అర్థాన్ని కీవర్డ్‌గా వేరుచేయడమే సరైన పద్ధతి.

పాత ప్రోగ్రాములు చెడకూడదని 2012లోనే మాట ఇచ్చిన గోకు క్యాపిటల్ అక్షరపు నియమాన్ని మార్చడం కష్టమే. గుణింతపు గుర్తులను అనుమతించడానికి మాత్రం ఆ అడ్డంకి లేదు: ఇప్పుడు చెల్లని పేర్లు చెల్లుతాయి, చెల్లుతున్న ప్రోగ్రాములకు నష్టం ఉండదు. ముందు ఆ పనైనా చేయాలి.