గడువు దాటితే ఎరుపు

మందుల షాపు స్టాకంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఎక్కించారనుకోండి. ఫారంలో వరసగా మందుల పేర్లు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు. గడువు తీరిన మందు కంటపడకుండా రోగి చేతికి వెళితే ప్రమాదమే. అందుకే ఆ వరసలు ఎర్రగా కనిపించాలని చిన్న కోడ్ రాస్తారు. తీరా చూస్తే అన్ని వరసలూ ఎర్రబడతాయి!

కంటిన్యువస్ ఫారంలో వంద రికార్డులు కనిపించినా నిజానికి గడి ఒక్కటే. దాన్నే యాక్సెస్ మళ్లీ మళ్లీ గీసి చూపిస్తుంది. దాని రంగు మారిస్తే అన్నిటికీ మారినట్టే.

దీనికి మందు కండిషనల్ ఫార్మాటింగ్. యాక్సెస్ 2000 నుంచీ ఉంది. అప్పట్లో 3 షరతులే, 2010 వెర్షన్ నుంచి 50 దాకా పెట్టుకోవచ్చు. డిజైన్ వ్యూలో గడులన్నీ ఎంచుకుని, ఎక్స్‌పైరీ తేదీ నేటి తేదీ కన్నా తక్కువైతే ఎరుపు అని షరతు ఇవ్వండి. మూడు నెలల్లో తీరిపోయేవాటికి పసుపు. ఎరుపు షరతే ముందుండాలి. మొదట ఏది నిజమైతే ఆ రంగే పడుతుంది మరి. తారుమారైతే గడువు దాటినవీ పసుపులోనే ఉండిపోతాయి.

ఇక 'నేటి తేదీ'ని యాక్సెస్ తీసుకునేది కంప్యూటర్ గడియారం నుంచే. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు గడువు తీరిన మందు కూడా ఏ రంగూ లేకుండా మామూలుగా కనిపిస్తుంది. షాపు తెరవగానే స్క్రీన్ మూలనున్న తేదీ ఓసారి చూసుకోండి.