అశ్వవిద్యకు పట్టము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కెంటకీ రాష్ట్రమున లెక్సింగ్టన్ అను నగరము కలదు. అచ్చటి విశ్వవిద్యాలయమున నాలుగేండ్లు చదివి, అశ్వశాస్త్రమునందును అశ్వపోషణ నిర్వహణమునందును బి. ఎస్. పట్టము పొందవచ్చును. ఈ మాట విన్నంతనే మనవారిలో పలువురు నవ్వుదురు. గుడ్డిగుఱ్ఱమునకు పండ్లు తోముటకు గూడ పట్టము కావలెనా యని పరిహసించువారును గలరు. ఇంజనీరింగునకో కంప్యూటరు విద్యకో బిడ్డలను సముద్రముల కావలకు పంపుట గౌరవమనియు, గుఱ్ఱపులాయమున పని నేర్చుటకు పంపుట అగౌరవమనియు మన గృహములలో ఒక నిర్ణయము జరిగిపోయినది. ఈ నిర్ణయము సరియైనది కాదని మా యభిప్రాయము. అట్లని ఆ పట్టమును కన్నులు మూసికొని కొనియాడుటకును మేము సిద్ధముగా లేము. ఒక విద్యకు పట్టమేర్పడినప్పుడు, అంతవఱకు ఆ విద్యను కాపాడుకొని వచ్చిన చేతుల గతి యేమైనదని అడుగవలసియున్నది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పలేని పట్టము సగము పట్టమే.

ముందుగా ఆ చదువు ఏమియో తెలిసికొందము. ఇది పశువైద్య పట్టము కాదు. అమెరికాలో పశువైద్యుడు కాగోరువాడు మొదటి పట్టము తరువాత సామాన్యముగా మఱి నాలుగేండ్లు వేఱుగా చదువవలెను. మన దేశమున ఆ విద్యకు ఇంటర్మీడియేటు పిదప అయిదున్నర యేండ్లు పట్టును. అశ్వశాస్త్ర పట్టము, వైద్యుడు వచ్చుటకు ముందును వైద్యుడు వెడలిన పిదపను గుఱ్ఱమును కాపాడువానిని తయారుచేయు విద్య. శరీర నిర్మాణము, ఆహారము, సంతానోత్పత్తి, వంశగుణములు, రోగనివారణము, గుఱ్ఱపు స్వభావము ఒక వంక. జమాఖర్చులు, క్రయవిక్రయములు, పనివారి నిర్వహణము వేఱొక వంక. పుస్తకములు చదివినంత మాత్రమున చాలదు. ఏదేని క్షేత్రమునందో సంస్థయందో పనిచేసి అనుభవము గడింపనిదే పట్టము నీయరు. 1967 లో కొన్న మెయిన్ ఛాన్స్ అను విశాలమైన గుఱ్ఱపు క్షేత్రము విశ్వవిద్యాలయమునకే కలదు.

తరతరములుగా ఎద్దులను మేపుచున్న మనకు, పశువును పెంచుటకు శాస్త్రమేల యను సందేహము కలుగుట సహజము. ఎద్దునకును గుఱ్ఱమునకును గల భేదమును గమనించిన ఆ సందేహము తీరును. ఎద్దు నెమరువేయు జంతువు. దాని కడుపు నాలుగు అఱలు గలది. గుఱ్ఱము కడుపు ఒకే సంచి. అదియు దాని దేహమునకు తగినంత పెద్దది కాదు. తిన్న గడ్డి పులిసి సారము నిచ్చుట వెనుకటి పెద్దప్రేవులలో జరుగును. అన్నిటికంటె విశేషము, గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు. రాత్రివేళ కట్టు విప్పుకొని దాణా గంపలో మూతిపెట్టి మెక్కిన గుఱ్ఱము తెల్లవారుసరికి శూలచే నేలపై పొరలాడవచ్చును. ఆ గండము గడచినను గిట్టలలోని మెత్తని పొరలు వాచి శాశ్వతముగా కుంటిదై పోవచ్చును. ఆడుగుఱ్ఱము పదునొకండు మాసములు గర్భము మోసి సామాన్యముగా ఒక్క పిల్లనే కనును. అందుచేత ఒక్కనాటి యజాగ్రత్తకు ఒక సంవత్సరపు ఫలము నష్టమగును.

ఈ శాస్త్రము యొక్క విలువ 2001 వ సంవత్సరపు వసంతమున కెంటకీ ప్రజలకు ప్రత్యక్షముగా తెలిసినది. ఆ యేడు వేలకొలది ఆడుగుఱ్ఱములకు గర్భనష్టము కలిగెను. నెలలు నిండిన పిల్లలు చచ్చి పుట్టెను. కొన్ని వారముల గర్భములు జాడ లేకుండ పోయెను. గాలిని దూషించినవారు కొందఱు, గడ్డిని దూషించినవారు కొందఱు. విశ్వవిద్యాలయపు పరిశోధకులు క్షేత్రములు తిరిగి, లెక్కలు వ్రాసి, ప్రయోగములు చేసి, తుదకు అడవి చెఱ్ఱీ చెట్ల ఆకులు తిని బ్రతుకు ఒకజాతి గొంగళిపురుగులే దీనికి మూలమని నిర్ధారించిరి. ఆ యేడు లెక్కకు మించి పుట్టిన పురుగులు పచ్చికలో పాకగా, గుఱ్ఱములు గడ్డితోపాటు వానిని మ్రింగినవి. చెట్లున్న చోటులకు చూడిగుఱ్ఱములను పోనీయకుండుట, పురుగులను అరికట్టుట అను సులభమైన జాగ్రత్తలు అప్పటినుండి అలవడినవి. ఒక పురుగు కొన్ని కోట్ల డాలర్ల వ్యాపారమును కూలద్రోసినది. ఓపికతో కూడిన శాస్త్రము దాని గుట్టు బయటపెట్టినది.

అయితే శాస్త్రము తెలిసినంతనే ధర్మము నిలువదు. ప్రతి యేడును మే మాసమున కెంటకీలోని లూయివిల్ నగరమున చర్చిల్ డౌన్స్ మైదానమునందు డెర్బీ పందెము జరుగును. 2023 లో ఆ పందెము జరిగిన కాలమున కొన్ని వారములలోనే పండ్రెండు గుఱ్ఱములు అచ్చట మరణించెను. విచారణలో అన్నిటికిని సరిపడు ఏకకారణము కనబడలేదు. కడకు పందెములను వేఱొక మైదానమునకు తరలింపవలసి వచ్చెను. గుఱ్ఱముల రక్షణకై అమెరికా ప్రభుత్వము 2020 లో చేసిన చట్టముక్రింద నియమములు అప్పటికే అమలులో నున్నవి. కాని, కాలు నొచ్చిన గుఱ్ఱమును ఈ దినము పరుగెత్తింపరాదని యజమాని మొగము ముందు చెప్పగల మనుష్యుడు లాయములో లేనిచో ఏ చట్టమేమి చేయగలదు? జూదపు సొమ్ముపై బ్రతుకు వ్యాపారములో ఆ మాట చెప్పుటకు చదువును కావలెను, వెన్నెముకయు కావలెను. ఈ పట్టమునకు విలువ కట్టవలసినది అట్టి మనుష్యులను ఎందఱిని ఇచ్చినదను లెక్కనుబట్టి గాని, పట్టభద్రులు సంపాదించు జీతములనుబట్టి కాదు.

ఇంక మొదట మేము లేవదీసిన ప్రశ్నకు వత్తము. కెంటకీలో గుఱ్ఱపు విద్యను పెంచినవారెవరు? సున్నపురాతి నేలపై మొలచిన పచ్చిక గుఱ్ఱముల యెముకలకు బలమిచ్చునని ఆ రాష్ట్రపువారు గర్వముతో చెప్పుకొందురు. ఆ పచ్చికపై గుఱ్ఱములను మేపినవారు, మాలిసు చేసినవారు, వానికి పరుగు నేర్పినవారు, వానినెక్కి గెలిచినవారు చాలవఱకు నీగ్రో దాసులును వారి సంతానమును. 1875 లో జరిగిన మొదటి డెర్బీలో పరుగెత్తిన 15 గుఱ్ఱములలో 13 గుఱ్ఱముల రౌతులు నల్లవారే. గెలిచిన అరిస్టైడీస్ అను గుఱ్ఱమునెక్కినవాడు ఆలివర్ లూయిస్. దానికి శిక్షణమిచ్చినవాడు దాస్యమున పుట్టిన ఆన్సెల్ విలియంసన్. మొదటి 28 డెర్బీలలో 15 నల్లవారైన రౌతులు గెలిచినవే. ఐజక్ మర్ఫీ 1884, 1890, 1891 సంవత్సరములలో మూడు పర్యాయములు గెలిచెను. 1901, 1902 సంవత్సరములలో గెలిచిన జిమ్మీ వింక్‌ఫీల్డ్ స్వదేశమున నిలువ నీడలేక రష్యాకు పోయి అచ్చట కీర్తి గడించెను. ఆ తరువాత నేటివఱకు డెర్బీ గెలిచిన నల్లరౌతు లేడు. పందెములలో ధనము పెరిగినకొలది, తెల్లవారి యీర్ష్యయు జాతిద్వేషమును పెరిగి, విద్య తెలిసినవారిని మైదానమునుండి వెడలగొట్టినవి.

విద్యాలయము మాత్రము వారికి తలుపు తెఱచినదా? కెంటకీ విశ్వవిద్యాలయమునకు మూలమైన కళాశాల 1865 లో స్థాపింపబడెను. ఆ రాష్ట్రమున దాస్యము చట్టప్రకారము అంతరించినదియు ఆ సంవత్సరాంతముననే. కాని 1904 లో నల్లవారును తెల్లవారును ఒకే పాఠశాలలో చదువరాదని ఆ రాష్ట్రము శాసనము చేసెను. 1949 లో లైమన్ జాన్సన్ అను ఉపాధ్యాయుడు న్యాయస్థానమున వ్యాజ్యెము వేసి గెలిచినప్పుడు గాని ఆ విశ్వవిద్యాలయమున నల్ల విద్యార్థి యడుగు పెట్టలేదు. గుఱ్ఱము నాడి తెలిసినవాడు గుమ్మము వెలుపలను, తెలియనివాడు లోపలను నుండిన కాలమది. నేడు ఆ లాయములలో తెల్లవారక ముందే లేచి పేడ యెత్తువారు చాలమంది మెక్సికో మొదలగు దేశములనుండి వచ్చిన కూలివారు. వారి బిడ్డలకు ఈ పట్టము అందుబాటులోనికి వచ్చిననాడే ఆ విశ్వవిద్యాలయము పాత బాకీ తీర్చుకొన్నదగును.

పరదేశమును విమర్శించుట సులభము. మన చరిత్రయు ఈ విషయమున తలయెత్తుకొని చెప్పదగినది కాదు. పదుమూడవ శతాబ్ది చివర మన తూర్పుతీరమును చూచిన మార్కోపోలో, తమిళదేశపు రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను సముద్రముమీదుగా తెప్పించుకొందురనియు, పోషించు విధము తెలియక ఏడాది తిరుగునప్పటికి అందు పెక్కు చచ్చుననియు వ్రాసెను. గుఱ్ఱపు వైద్యులను ఆ దేశమునకు రానీయకుండ వర్తకులే అడ్డగించుచుండిరట! విజయనగర ప్రభువైన సాళువ నరసింహుడు దారిలో చచ్చిన గుఱ్ఱముల తోకలు తెచ్చి చూపినను వెల యిచ్చెనని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ వ్రాసినాడు. వినుటకు ఇది ఔదార్యమువలె నుండును, ఆలోచించినచో దైన్యము. విద్య పరులచేతిలో నున్నంతకాలము కొనువాడు తోకలకు గూడ వెల చెల్లింపక తప్పదు.

ఈ విద్య మనకు మొదటినుండియు లేనిది కాదు. శాలిహోత్రుని పేరిట ప్రసిద్ధమైన అశ్వశాస్త్రము పారసీక భాషలోనికి పోయినది; ఉత్తరదేశమున గుఱ్ఱపువైద్యునకు సలోత్రి యను పేరు ఆ మహర్షి నామమునుండి వచ్చినదే. భారతమున నకులుడు దామగ్రంథి యను పేర విరాటుని అశ్వశాలలో కొలువు చేసినాడు. రాజపుత్రునకు ఆ పని చిన్నతనము కాలేదు. మఱి మనకు చిన్నతనమెట్లయినది? శాస్త్రము తాళపత్రములలో పండితునియొద్దను, పని లాయములో గుఱ్ఱపువానియొద్దను వేఱువేఱుగా నిలిచిపోవుట వలననే యని మా తలంపు. చదివినవాడు గుఱ్ఱమును తాకలేదు; తాకినవాడు చదువలేదు. అందుచే పండితుని శాస్త్రము పెరుగుట మానినది. పనివాని యనుభవములో కాల్చి వాతలు పెట్టుట వంటి క్రూరమైన మూఢత్వములు పరీక్ష లేక నిలిచిపోయినవి. ఐరోపాలో మొదటి పశువైద్య పాఠశాలను 1761 లో లియాన్ నగరమున ఏర్పాటుచేసిన బూర్జలా, గుఱ్ఱపుస్వారి నేర్పు పాఠశాలకు అధిపతి. లాయమునుండియే అచ్చట శాస్త్రము బయలుదేరినది. కెంటకీ పట్టములో మనము నేర్చుకొనదగిన గుణమేదేని యున్నచో, పుస్తకమును పారను ఒకే విద్యార్థి చేత పట్టించుటయే.

మన దేశమున ఈ చదువుతో పనియేమని కొందఱడుగవచ్చును. 2012 నాటి పశుగణనలో 6 లక్షల 25 వేలుగా నుండిన గుఱ్ఱములు 2019 నాటి గణనలో 3 లక్షల 40 వేలకు తగ్గినవి. గాడిదలు 1 లక్ష 20 వేలకు దిగినవి. తగ్గినవి గదాయని విడిచిపెట్టుటకు వీలులేదు. మిగిలినవానిలో పెక్కు ఇటుక బట్టీలలోను, కొండదారులలో యాత్రికులక్రిందను, బండ్లకును నలిగిపోవుచున్నవి. వానిపై ఆధారపడి బ్రతుకు కుటుంబములు నిరుపేదలు. హిసారులో కేంద్రప్రభుత్వపు అశ్వపరిశోధన సంస్థ కలదు. దాని శాస్త్రము బట్టీదాక నడచి రావలెనన్న మధ్యమున మనుష్యులు కావలెను. హైదరాబాదున మలక్‌పేట పందెపు మైదానము కలదు. రాజేంద్రనగరమునను తిరుపతిలోను పశువైద్య విశ్వవిద్యాలయములు కలవు. వాని పాలిటెక్నిక్కులలో అశ్వపోషణకు తెలుగున ఒక ప్రత్యేక శిక్షణము నడపి, లాయములలో పనిచేయువారి బిడ్డలకు మొదటి స్థానములు కేటాయించి, పందెములనుండి లాభము పొందువారే వారి జీతపుఖర్చు భరించుట న్యాయము. చదువురాని గుఱ్ఱపువాని యనుభవమును పరీక్షించి యోగ్యతాపత్రము నిచ్చుటయు అందులో భాగము కావలెను.

విదేశమున ఈ పట్టము చదువగోరు యువతీయువకులకును వారి తలిదండ్రులకును మేము చెప్పదలచినది కొంచెమే. లక్షలు వెచ్చింపకముందు ఒక యేడు ఇక్కడి లాయములో తెల్లవారుజామున లేచి పనిచేసి చూడుడు. పేడ వాసన భరింపలేనివానికి ఆ పట్టము వలదు. వైద్యుడు కాగోరువాడు వైద్యమే చదువవలెను. జీవనోపాధి విశాలమైనది కాదని తెలిసి, పశువుపై మమతయు లెక్కలపై శ్రద్ధయు రెండును గలవాడు సంశయింపక పోవచ్చును. వానిని చూచి నవ్వువారే నవ్వులపాలగుదురు.

గుఱ్ఱము గుడ్డిదైనను దాణా తప్పదని మన పెద్దలు వ్యయమును గూర్చి విసుగుతో చెప్పిన సామెతయే. దానిని మేము ధర్మముగా గ్రహింపుడని కోరుచున్నాము. కట్టివేసిన ప్రాణికి వేళకు మేతయు నీరును విశ్రాంతియు ఇచ్చు బాధ్యత కట్టినవానిదే. ఆ బాధ్యతను శాస్త్రముగా నేర్పు చదువు ఏ దేశమున నున్నను గౌరవింపదగినది. ఆ చదువును లాయములో పుట్టిన బిడ్డకు గూడ అందించిన దేశమే దానిని తనదని చెప్పుకొన నర్హమైనది.