సలహాకు కూడా మైలేనా?

‘ఎన్నాళ్లీ రిజర్వేషన్లు? తెలివుంటే వ్యాపారం చేసుకోండి’ అంటున్నారు పెద్దకులాల పెద్దమనుషులు. అయ్యా, చెయ్యలేదా? కొలంబియాలో అర్థశాస్త్రం చదివి 1917లో తిరిగొచ్చిన బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయిలో షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెట్టారు. దానికి భూమీ అక్కర్లేదు, మిల్లూ అక్కర్లేదు. చదువే పెట్టుబడి. జనం వచ్చారు. ఆయన కులం తెలిసింది. రావడం మానేశారు. సంస్థ మూతపడింది. సలహా తప్పయి కాదు, కులం తెలిసి!

అందుకే అప్పిచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. పనెవడిస్తాడు? కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు కొనే సరుకుల్లో, సేవల్లో నూటికి 4 వంతులు ఎస్సీ, ఎస్టీల చిన్న సంస్థల నుంచే కొనాలని 2012 కొనుగోలు విధానం చెప్పింది. కొన్నారా? సమాచార హక్కు కింద లెక్క అడుగుదాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ప్రాజెక్టు రిపోర్టు రాసినా, లెక్కలు చూసిపెట్టినా ముందే ఫీజు కాగితం మీద పెట్టించండి. బయానా తీసుకోండి, రసీదివ్వండి. ‘మనోడివేగా, ఊరికే చేసిపెట్టు’ అన్నారా, అది వెట్టే! తాతలతో పారతో చేయించిన వెట్టి మనతో కలంతో చేయించనివ్వం.

జై భీమ్!