తెర మీద మాటిమాటికి వచ్చే పెట్టె



పిల్లల చదువు కొరకో, ఆన్‌లైన్ దరఖాస్తుల కొరకో పల్లెటూళ్లలో కూడ అనేక ఇండ్లకు కంప్యూటరు వచ్చినది. ఆన్ చేయగానే తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పును. మనము చదువకుండానే 'ఓకే' నొక్కుదుము. మరునాడు అది మరల వచ్చును. గుమ్మములోనికి వచ్చిన మనిషిని "ఎవరు బాబూ, ఏ పని మీద వచ్చావు?" అని అడుగకుండ పంపివేయుదుమా? ఈ పెట్టెను కూడ అట్లే అడుగవలెను.

గనుక మొట్టమొదట దానిలోని మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనండి, లేదా ఫోనుతో ఫోటో తీయండి. రిపేరు చేయువానితో "ఏదో ఎర్రర్ వస్తోంది" అని మాత్రమే చెప్పినయెడల, అతడు విండోస్ మొత్తము తుడిచి మరల వేయవచ్చును. దానితోకూడ మీ పెండ్లి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ల కాపీలు పోవచ్చును. ఒక పెట్టె కొరకు ఇంత నష్టమా?

ఆన్ చేసిన ప్రతిసారి 'రన్ డి.ఎల్.ఎల్.' అను పేరుతో, ఫలాని ఫైలు దొరకలేదని వచ్చుచున్నదా? తరచుగా జరుగునది ఇది: ఒక ప్రోగ్రామును మీరు తీసివేసినారు, లేదా ఒక చెడ్డ ఫైలును యాంటీవైరస్ తుడిచివేసినది. అయితే 'రోజూ దీనిని లేపుము' అను ఆజ్ఞ మిగిలిపోయినది. విండోస్ నమ్మకముగా పిలుచుచున్నది, పలుకువారు లేరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజరులో 'స్టార్టప్' అను చోట ఆ పేరును 'డిజేబుల్' చేయండి. అక్కడ కనబడనియెడల, మైక్రోసాఫ్ట్ వారే ఉచితముగా ఇచ్చు 'ఆటోరన్స్' అను ప్రోగ్రాము ఫైలు లేని ఆజ్ఞలను పసుపు రంగులో చూపును. దేనిని చెరపవద్దు, టిక్కు మాత్రము తీయండి. పొరపాటైతే తిరిగి పెట్టుకొనవచ్చును.

ఏ వెబ్‌సైటు తెరచినను 'ఇది సురక్షితము కాదు' అని వచ్చునప్పుడు, ముందు మూలనున్న తేదీని చూడండి. పాత డెస్క్‌టాపులో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల వంటి బ్యాటరీ ఉండును. అది నీరసించినప్పుడు, కరెంటు పోయిన ప్రతిసారి గడియారము ఎన్నో సంవత్సరములు వెనుకకు పోవును. తేదీ తప్పైతే వెబ్‌సైట్ల గుర్తింపు పత్రములు చెల్లవు. ఎక్కువగా వాడునది సి.ఆర్.2032 అను బ్యాటరీ. ప్లగ్గు తీసి దానిని మార్చి, తేదీ సరిచేసినచో చాలును. వైరసని చెప్పి వందలు, వేలు తీసికొనువారున్నారు, జాగ్రత్త.

ఇక అసలు భయపడవలసిన పెట్టె వేరే ఉన్నది. మా సంఘములో ఒక పెద్దాయన ఇంట తెర అంతయు ఎర్రబడి, సైరను మ్రోగి, 'మీ కంప్యూటరు లాక్ అయినది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని వచ్చినది. ఆయన ఫోన్ చేయనే చేశారు. అవతలి గొంతు మర్యాదగా ఒక ప్రోగ్రాము వేసికొమ్మన్నది. కోడలు వంటింట్లోనుండి పరుగున వచ్చి, "మామయ్యగారూ, ముందు ఫోను పెట్టేయండి" అని ప్లగ్గు లాగివేసినది. పెన్షను డబ్బు ఆ విధముగా మిగిలినది.

విండోస్ నిజముగా చూపు ఎర్రర్ సందేశములో ఫోను నంబరు ఉండదు. ఉన్నయెడల అది మోసమే. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి బ్రౌజరు మూయండి, మూతపడకున్న కంప్యూటరునే ఆపండి. వైరసు హెచ్చరికల వంటివి మూలనుండి రోజూ వచ్చుచున్నయెడల, ఇంట్లో ఎవరో ఏదో సైటులో 'అలౌ' నొక్కి ఉందురు. పిల్లలను కోపపడవద్దు. క్రోమ్ సెట్టింగులలో 'సైట్ సెట్టింగ్స్', దానిలో 'నోటిఫికేషన్స్' తెరచి, ఆ సైటు పేరును తీసివేయండి.

ఒకవేళ డబ్బు పోయినయెడల సిగ్గుపడి దాచవద్దు. వెంటనే ఇంటర్నెట్ ఆపి, 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు కూడ తెలియజేయండి. ఎంత త్వరగా చెప్పినచో ఆ సొమ్మును దారిలో ఆపుటకు అంత అవకాశముండును. బ్యాంకు పాస్‌వర్డును ఆ కంప్యూటరులో గాక, వేరొక ఫోనులో మార్చండి.